గురుగ్రహ ఉపగ్రహాల పరస్పర గ్రహణాలకు సన్నాహం: అనంతపురం మిద్దె మీది ప్రాజెక్టు డైరీ

2026 జనవరి

గురుగ్రహం ఈ నెల 10వ తేదీన సూర్యుడికి సరిగ్గా ఎదురు దిశకు వచ్చింది. చీకటి పడేసరికి తూర్పున మిథున నక్షత్రాల మధ్య అది దేదీప్యమానంగా కనిపిస్తున్నది. అయితే ఈ డైరీ రాయడం మొదలుపెట్టింది ఇప్పుడు కనిపించే దాని కోసం కాదు, ఈ ఏడాది చివర్లోనూ వచ్చే ఏడాది మొదటి నెలల్లోనూ కనిపించబోయే వాటి కోసం. గురువు చుట్టూ తిరిగే నాలుగు పెద్ద ఉపగ్రహాలైన అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టోలు దాదాపుగా ఆ గ్రహపు భూమధ్యరేఖా తలంలోనే తిరుగుతాయి. ఆ తలం గురువు కక్ష్యకు 3 డిగ్రీల పైచిలుకు మాత్రమే వాలి ఉంటుంది. గురువు సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టే 11.86 సంవత్సరాలలో రెండుసార్లు సూర్యుడు ఆ తలాన్ని దాటుతాడు, ఆ రోజుల్లోనే భూమి కూడా దానికి చేరువగా ఉంటుంది. కొన్ని నెలల పాటు సాగే ఆ కాలంలో ఒక ఉపగ్రహం మరొకదానికి అడ్డంగా వచ్చి దాన్ని మరుగుపరుస్తుంది, లేదా తన నీడను దానిపై వేసి గ్రహణం పట్టిస్తుంది. మిగతా సంవత్సరాలలో అవి ఒకదానికొకటి కాస్త పైగానో కిందుగానో తప్పుకుని పోతాయి.

ఈ చక్రాన్ని మన వాళ్లు గుర్తుపెట్టుకోవడానికి పంచాంగమే చాలు. కర్నూలులో తుంగభద్ర పుష్కరాలు 2008 డిసెంబరులోనూ 2020 నవంబరులోనూ వచ్చాయి. వాటి తరువాతి సంవత్సరాలైన 2009, 2021 పరస్పర గ్రహణాల కాలాలు. రెండో రకం కాలం గోదావరి పుష్కరాలకు ముందు నెలల్లో వస్తుంది. 2003 పుష్కరాలకు ముందూ, 2015 పుష్కరాలకు ముందూ అలాగే జరిగింది. 2027 పుష్కరాలకు ముందు రాబోయేది కూడా అదే. పుష్కరాలను నిర్ణయించేది గురువు ఏ రాశిలో ఉన్నాడన్న లెక్క కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

రాయలసీమలో ఉన్నవాడికి ఈ రెండు రకాల కాలాలూ ఒకటి కావు. 2021లో గురువు సూర్యుడికి ఎదురుగా వచ్చింది ఆగస్టు 20న. ఆ నెలల్లో అనంతపురంలో వాన అంతగా పడదు గాని మబ్బు మాత్రం కమ్ముకునే ఉంటుంది. రైతుకూ పనికిరాని ఆ మబ్బు ఆకాశం చూసేవాడికీ శత్రువే. ఈసారి ఎదురు స్థితి 2027 ఫిబ్రవరి 10న వస్తుంది. ఆ నెలలో ఇక్కడ వరుసగా ఎన్నో రాత్రులు నిర్మలంగా ఉంటాయి. పైగా అప్పుడు గురువు ఖగోళ మధ్యరేఖకు ఉత్తరాన సుమారు 15 డిగ్రీల దగ్గర ఉంటుంది; అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు. అంటే అర్ధరాత్రి వేళ గ్రహం దాదాపుగా నడినెత్తి మీదుగా పోతుంది, దాని వెలుగు వాతావరణంలో అతి తక్కువ మందాన్ని దాటి మన దగ్గరికి వస్తుంది. ఇంత అనుకూలమైన అమరిక మన జిల్లాకు మళ్లీ రావాలంటే పన్నెండేళ్లు ఆగాలి. ఆరేళ్లకు వచ్చే తరువాతి కాలాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

కొలవదలచుకున్నది ఏమిటో ముందే స్పష్టంగా రాసుకోవాలి. 2027 ఫిబ్రవరిలో గురువు ఉన్న దూరంలో ఒక ఆర్క్ సెకను (డిగ్రీలో 3,600వ వంతు) కోణమంటే దాదాపు 3,150 కిలోమీటర్లు. అయో వ్యాసం 3,643 కిలోమీటర్లు, యూరోపాది 3,122. మా మిద్దె మీద మంచి రాత్రి కూడా గాలి కదలికల వల్ల ఒక చుక్క రెండు ఆర్క్ సెకన్ల మేర అలుక్కుపోతుంది కనుక, ఫొటో తీసి ఉపగ్రహం ఎక్కడుందో కొలవబోతే వందల కిలోమీటర్ల తేడా వస్తుంది. కాని అయో తన కక్ష్యలో సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున కదులుతుంది. ఒకటి మరొకదాన్ని కప్పిన క్షణాన్ని సెకనులో పదోవంతు వరకు పట్టుకోగలిగితే, బొమ్మలో ఏ వివరమూ కనిపించకపోయినా వాటి స్థానాలు కొన్ని పదుల కిలోమీటర్ల లోపలికి వచ్చేస్తాయి. ఇక్కడ అసలు పరికరం గడియారం. దుర్భిణి రెండు చుక్కల వెలుగును గడియారం ముందుకు తెచ్చిపెట్టే సాధనం మాత్రమే. అందుకే పెద్ద దుర్భిణి కొనమన్న మిత్రుల సలహాను పక్కనపెట్టి, ఉన్న 6 అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే) దుర్భిణితోనే పని చేయాలని నిశ్చయించుకున్నాను.

2026 ఫిబ్రవరి

నడినెత్తిన గ్రహం ఉండటం వెలుగుకు మంచిదే గాని, దుర్భిణిని నిలబెట్టే ఏర్పాటుకు అది పెద్ద చిక్కు. పెట్టె మీద కూర్చుని పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగే డాబ్సోనియన్ రకం నడినెత్తి దగ్గర దాదాపుగా పనికిరాదు. నడినెత్తికి ఒక డిగ్రీ దూరంలో దాటే వస్తువును వెంబడించాలంటే ఆ పెట్టె నిమిషానికి 14 డిగ్రీల చొప్పున గిర్రున తిరగాలి, ఇంకా దగ్గరగా దాటితే ఇంకా వేగంగా తిరగాలి. చేత్తో తోసే పెట్టెకు అది సాధ్యం కాదు, మోటారు పెట్టినా చుక్క నిలకడగా ఉండదు. కాబట్టి భూమి అక్షానికి సమాంతరంగా ఒక అక్షాన్ని వాల్చి, ఆ ఒక్క అక్షం మీదే సమాన వేగంతో తిరిగే ఈక్వటోరియల్ మౌంటు తప్పదు.

ఆ మౌంటుకు మన అక్షాంశంలో వేరే సమస్య ఉంది. ఈ యంత్రాలను ఎక్కువగా 40, 50 డిగ్రీల అక్షాంశాలలో వాడేవారిని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. అక్కడ అక్షం ఏటవాలుగా పైకి లేచి ఉంటుంది. ఇక్కడ దాన్ని 14.7 డిగ్రీలకు దించాలి, అంటే దాదాపుగా పడుకోబెట్టినట్టే. అలా దించినప్పుడు బరువుబిళ్లలు తగిలించిన కడ్డీ ముక్కాలి పీట కాలికి తగులుతుంది. అది ఎప్పుడు తగులుతుందంటే, దుర్భిణి సరిగ్గా నడినెత్తి దగ్గరికి వచ్చినప్పుడు, అంటే మనకు అన్నిటికన్నా అవసరమైన సమయంలో. మౌంటుకూ ముక్కాలి పీటకూ మధ్య ఎత్తు పెంచడమే దీనికి విరుగుడు. అలా పెంచిన స్తంభాలు దుకాణాల్లో దొరుకుతాయి గాని, వాటి ధర చూశాక వెల్డింగు షాపుకే వెళ్లాను.

అనంతపురంలో ఇనుప గొట్టానికి కొదవ లేదు, ఎందుకంటే బోరు వేయని చేను ఇక్కడ అరుదు. మిగిలిపోయిన బోరు కేసింగ్ పైపు ముక్కను మూడున్నర అడుగులకు కోయించి, కింద అర అంగుళం మందం ఇనుప పలకనూ, పైన మౌంటు గుండ్రానికి సరిపోయేలా లేతు మీద తిప్పించిన బిళ్లనూ అతికించమని అడిగాను. వెల్డింగు చేసే అతను గొట్టాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "ఇంత పొట్టి పైపుతో ఏం బోరేస్తారు సార్?" అన్నాడు. "నీళ్లకు కాదప్పా, గురుగ్రహాన్ని చూసేదానికి," అంటే నమ్మినట్టు తల ఊపి, పలక కింద మూలకొకటి చొప్పున ముక్కోణపు ఆనుబిళ్లలు కూడా వేసి ఇచ్చాడు. నేను అడగకపోయినా అతను వేసిన ఆ ఆనుబిళ్లల వల్లే స్తంభం ఊగకుండా నిలిచింది.

గొట్టాన్ని వేళ్లతో తడితే గంటలా మోగేది. ఆ మోత చుక్కను కెమెరాలో కొన్ని సెకన్ల పాటు వణికిస్తుంది. జల్లెడ పట్టిన పొడి ఇసుకతో గొట్టాన్ని నింపి పైన మూసేశాక వణుకు దాదాపుగా పోయింది. స్తంభాన్ని మిద్దె మధ్యలో గాక, కింది గది గోడలు కలిసే మూల మీద నిలిపాను. మిద్దె మధ్యలో మనిషి నడిచినా కప్పు లోపలికి వంగుతుంది, గోడ మీద ఆ కదలిక తగలదు.

అక్షాన్ని ఉత్తరానికి చూపించే పనిలో ధ్రువనక్షత్రం పెద్దగా ఉపయోగపడలేదు. మన అక్షాంశంలో అది దిగంతానికి సుమారు పదిహేను డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మా మిద్దె నుంచి ఆ దిశలో ఊరి వెలుతురూ హైవే దుమ్మూ ఎప్పుడూ ఉంటాయి. అందుచేత ఖగోళ మధ్యరేఖకు దగ్గరలో ఉన్న ఒక నక్షత్రం కెమెరాలో ఎటు జరుగుతున్నదో గమనిస్తూ, ఒక్కో మరనూ కొంచెం కొంచెం తిప్పుతూ అక్షాన్ని సరిచేశాను. ఇది విసుగు పుట్టించే పనే గాని స్తంభం కదలనంత కాలం మళ్లీ చేయనక్కరలేదు. సరిచేసిన స్థితిలో పలక చుట్టూ పెయింటుతో గీత గీసి పెట్టాను.

2026 మార్చి

ఈ నెలంతా గడియారం పనికే పోయింది. ల్యాప్‌టాప్ గడియారం తనంతట తాను రోజుకు ఒక సెకనో రెండు సెకన్లో తప్పుకుంటుంది. ఇంటర్నెట్ నుంచి సమయాన్ని సరిచేసుకుంటే బాగానే ఉంటుంది గాని, మొబైల్ నెట్ మీద ఆ సరిచేత ఒకసారి కొన్ని మిల్లీసెకన్లలోనూ, మరోసారి వంద మిల్లీసెకన్ల పైనా వచ్చింది. కరెంటు పోయి రౌటరు ఆగితే అది కూడా ఉండదు. అందువల్ల సెకనుకొక విద్యుత్ స్పందన ఇచ్చే జీపీఎస్ రిసీవరును తెప్పించి ల్యాప్‌టాప్‌కు కలిపాను.

జీపీఎస్ పెట్టగానే గడియారం సరైపోయిందని అనుకోకూడదు. జీపీఎస్ ఉపగ్రహ వ్యవస్థ సొంత కాలం, మనం వాడే అంతర్జాతీయ కాలమానం కన్నా 18 సెకన్లు ముందుంటుంది. ఆ తేడా ఎంతన్నది ఉపగ్రహాలు పంపే సమాచారంలోనే ఉంటుంది. ఆ సమాచారం పూర్తిగా అందడానికి పన్నెండున్నర నిమిషాల దాకా పట్టవచ్చు. అప్పటిదాకా కొన్ని రిసీవర్లు తమలో పాతగా దాచుకున్న తేడానే వాడుతుంటాయి. అందుకని రిసీవరును ఆన్ చేసి కనీసం ఇరవై నిమిషాలు ఆగి, సెల్‌ఫోన్ సమయంతో పూర్తి సెకన్లను పోల్చి చూసిన తరువాతే రికార్డింగ్ మొదలుపెట్టడం నియమంగా పెట్టుకున్నాను.

ఇక కెమెరా. ఒక్కో ఫ్రేము మీద సాఫ్ట్‌వేర్ రాసే సమయం ఆ ఫ్రేము ల్యాప్‌టాప్‌కు చేరిన సమయమే తప్ప వెలుగు పడిన సమయం కాదు. ఈ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో తెలుసుకోవడానికి జీపీఎస్ స్పందనకు ఒక చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని కలిపి, దాన్ని దుర్భిణి మూతికి అడ్డంగా పెట్టి, అది వెలిగిన ఫ్రేముల సమయాలను సెకను అంచులతో పోల్చాను. ఫ్రేములన్నీ సగటున సెకనులో ఇరవయ్యోవంతు ఆలస్యంగా నమోదవుతున్నాయి. కెమెరా రికార్డు చేసే బొమ్మ చదరాన్ని చిన్నది చేసినప్పుడు ఆలస్యం తగ్గింది, ఎక్స్‌పోజరు మార్చినప్పుడు మారింది. ఆలస్యం స్థిరంగా ఉంటే తీసివేసి లెక్క సరిచేసుకోవచ్చు. కాబట్టి ఇకమీదట చదరం కొలతా, ఎక్స్‌పోజరూ మార్చకుండా ప్రతి రికార్డింగుకు ముందూ వెనుకా ఎల్‌ఈడీని ఒక నిమిషం వెలిగించి ఆ ఫైలులోనే భద్రపరుస్తున్నాను.

2026 ఏప్రిల్

పరస్పర గ్రహణాలు ఇంకా మొదలుకాని రోజుల్లో కొలత సరిగా ఉన్నదో లేదో తేల్చుకోవడానికి ఒక మంచి ఉపాయం ఉంది. రెండు ఉపగ్రహాలు చాలా దగ్గరగా వచ్చి, ఒకదాన్నొకటి కప్పుకోకుండా దాటిపోయే సందర్భాలు తరచుగా వస్తాయి. ఆ సమయంలో రెండింటినీ బొమ్మ మీద గీసిన ఒకే వలయంలో చేర్చి మొత్తం వెలుగును కొలిస్తే అది మారకూడదు. మారిందంటే, అది మన కొలతలోని లోపం. యూరోపా, గానిమీడ్‌ల ఒక దాటింపును ఇలా రికార్డు చేసి, దూరంగా ఉన్న కలిస్టోతో ఆ వెలుగును పోల్చి, సమయంతో పాటు అది ఎలా మారిందో చూపే గీత గీశాను. ఒక్కొక్క ఫ్రేములో కొలతలు నాలుగైదు శాతం అటూ ఇటూ చెదిరాయి. సెకను సేపటి ఫ్రేములను సగటు చేస్తే చెదురు ఒకటి రెండు శాతానికి దిగింది. పలుచని మబ్బు దాటినప్పుడు మూడు ఉపగ్రహాలూ కలిసే మసకబారాయి గనుక నిష్పత్తి చెక్కుచెదరలేదు.

ఈ ఒకటి రెండు శాతం సరిపోతుందా అన్నది లెక్క చూస్తే తెలుస్తుంది. గానిమీడ్ యూరోపాను పూర్తిగా కప్పినప్పుడు రెండింటి ఉమ్మడి వెలుగులో సుమారు మూడోవంతు పోతుంది. యూరోపాయే ముందుకు వచ్చి గానిమీడ్ బింబం మధ్యలో నిలిస్తే, అది ఆ బింబంలో 35 శాతం వైశాల్యాన్ని దాచి ఉమ్మడి వెలుగులో దాదాపు 23 శాతాన్ని తగ్గిస్తుంది. ఇలాంటి లోతైన ఘటనలు హాయిగా దొరుకుతాయి. అంచు మాత్రం తగిలి మూడు నాలుగు శాతం తగ్గించేవాటిని నేను జాబితాలోంచి తీసేస్తున్నాను, వాటికి పెద్ద దుర్భిణులే దిక్కు.

ఎదురైన అసలు కష్టం గురుగ్రహపు సొంత వెలుగు. ఉపగ్రహం గ్రహానికి దగ్గరగా ఉన్నప్పుడు దాని చుట్టూ ఉన్న వెలుతురు ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా ఉంటుంది. దాన్ని చుట్టు వలయం సగటుగా తీసివేస్తే తప్పు విలువ వస్తుంది. గ్రహం నుంచి అంతే దూరంలో ఎదుటి పక్కన ఖాళీగా ఉన్న చోట వెలుతురును కొలిచి దాన్ని తీసివేస్తే మెరుగైన ఫలితం వచ్చింది. ఎరుపు ఫిల్టరు పెట్టడం వల్ల కూడా కొంత లాభం కలిగింది. గ్రహాన్ని దాదాపుగా నల్లబరిచే 890 నానోమీటర్ల మీథేన్ ఫిల్టరును పెద్ద దుర్భిణుల వాళ్లు వాడతారు గాని, 6 అంగుళాల అద్దానికి ఆ వెలుగు చాలదు.

ఎండ గురించి కూడా రాయాలి. మా మిద్దె మీద కడప బండలు పరచి ఉన్నాయి. ఏప్రిల్‌లో పగలంతా తాగిన వేడిని అవి రాత్రి పదకొండు దాకా కక్కుతూనే ఉంటాయి, దాంతో ఉపగ్రహాలు చుక్కల్లా గాక నీళ్లలో నానిన అటుకుల్లా ఉబ్బి కనిపించాయి. గ్రహం ఇప్పుడు సాయంత్రాలలోనే పడమటికి వాలుతుంది కాబట్టి బండలు చల్లారేదాకా ఆగడం కుదరదు. వేసవిలో పడకలు వేసుకునే ముందు మిద్దె మీద నీళ్లు చల్లడం ఇక్కడ అందరూ చేసేదే. ఆ పనిని పొద్దు గూకగానే, స్తంభానికి పడమటి వైపు బండల మీద రెండు దఫాలు చేస్తే గంటలోపే తేడా కనిపించింది. నీళ్ల కరువున్న ఊళ్లో ఖగోళశాస్త్రానికి బిందెల కొద్దీ నీళ్లు పోస్తున్నారని ఇంట్లో వచ్చిన విమర్శ న్యాయమైనదే. ఫిబ్రవరిలో ఈ అవసరం రాదు.

2026 మే

గడియారాన్ని నిజమైన ఘటనతో పరీక్షించడానికి, గురువు నీడలో మునిగిన అయో బయటికి వచ్చే సమయాలను రికార్డు చేశాను. ఇవి 42 గంటల 28 నిమిషాలకు ఒకసారి వస్తాయి. ఎదురు స్థితి దాటిన తరువాతి నెలల్లో గ్రహానికి తూర్పున, ఏమీ లేని చీకట్లో అయో మూడున్నర నిమిషాలలో మెల్లగా వెలిగి పూర్తి కాంతికి చేరుతుంది. డెన్మార్క్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఓలే రోమర్ 1676లో వెలుగుకు వేగం ఉందని చెప్పింది ఈ అయో గ్రహణాలు ముందుకూ వెనక్కూ జరగడాన్ని చూసే. జనవరిలో దాదాపు 35 నిమిషాలలో మనకు చేరిన ఆ వెలుగు, గురువు దూరం జరిగేకొద్దీ మరిన్ని నిమిషాలు తీసుకుంటున్నది. ఆ తేడాను లెక్కలో కలపకపోతే ఏ అంచనా కూడా సరిపోదు.

కడపలో ఉన్న ఒక మిత్రుడు తన దుర్భిణితో, విడిగా తన జీపీఎస్‌తో అదే ఘటనను రికార్డు చేశారు. రెండు ఊళ్లలోనూ ఈ గ్రహణం ఒకే క్షణంలో కనిపిస్తుంది, మన చంద్రుడు నక్షత్రాన్ని కప్పినప్పటిలా ఊరిని బట్టి మారదు. కాబట్టి మా ఇద్దరి గీతల మధ్య కనిపించే తేడా మా గడియారాలదో, మా కొలతదో అయి ఉండాలి. సగం వెలుగు వచ్చిన క్షణం ఇద్దరికీ సెకనులో సగం లోపు తేడాతో కలిసింది. అంతకన్నా దగ్గరగా కలవకపోవడానికి కారణం గడియారాలు కావని నా అభిప్రాయం. గురువు నీడకు పదునైన అంచు ఉండదు. దట్టమైన వాతావరణం గుండా వంగి వచ్చే వెలుగు ఆ అంచును చెరిపేస్తుంది, గీత నెమ్మదిగా లేస్తుంది గనుక సగం ఎక్కడన్నది గట్టిగా చెప్పలేము. పరస్పర ఘటనల విలువ ఇక్కడే తెలుస్తుంది. వాటిలో కప్పేదీ కప్పబడేదీ రెండూ లెక్కించదగినంత వాతావరణం లేని గోళాలు. ఇతర ఉపగ్రహాల నీడలో సూర్యబింబపు వెడల్పు వల్ల వచ్చే మసక అంచు మాత్రమే ఉంటుంది. గురువు దూరం నుంచి సూర్యుడి వెడల్పు సుమారు 6 ఆర్క్ నిమిషాలే (డిగ్రీలో పదోవంతు) కనుక ఆ అంచును ఖచ్చితంగా లెక్కకట్టవచ్చు.

ఇంత సూక్ష్మంగా ఎందుకని అడిగేవారికి అయోయే సమాధానం. ఖగోళ శాస్త్రజ్ఞుడు వాలెరీ లైనే, ఆయన సహచరులు 1891 నుంచి 2007 వరకు జరిగిన పరిశీలనలను కలిపి లెక్కించి, అయో కక్ష్య ప్రస్తుతం కొద్దికొద్దిగా లోపలికి జరుగుతున్నదని 2009లో చూపించారు. గురువు ఆకర్షణ అయోను పిసుకుతూ లోపల వేడి పుట్టిస్తుంది. 1979లో వోయేజర్ 1 వ్యోమనౌక చూసిన అగ్నిపర్వతాలకు మూలం అదే. ఆ శక్తి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో కక్ష్యల మార్పులోనే రాసి ఉంటుంది. ఆ మార్పు దశాబ్దాల సమయాలను పేర్చితే తప్ప బయటపడదు. ప్రతి కాలంలోనూ పారిస్‌లోని ఖగోళ గణన సంస్థ ప్రపంచం నలుమూలల నుంచీ ఇటువంటి గీతలను సేకరిస్తుంది, అందులో ఔత్సాహికుల చిన్న దుర్భిణులవీ ఉంటాయి. మనకు దక్షిణాన తమిళనాడులో ఉన్న కావలూరు అబ్జర్వేటరీ ఒక మీటరు దుర్భిణికీ ఈ ఉపగ్రహాలతో పాత పరిచయమే. 1972లో గానిమీడ్ ఒక నక్షత్రాన్ని కప్పడాన్ని అక్కడి నుంచీ జావా నుంచీ గమనించి, దానికి పలుచని వాతావరణం ఉందని ప్రతిపాదించారు. తరువాత వోయేజర్ కొలతలు ఆ అంచనాను బలపరచలేదు, అయినా సెకన్ల లెక్కతో వాతావరణాన్ని వెతికిన తీరు ఇప్పటికీ చదవదగినది.

2026 జూన్

గురువు ఇప్పుడు పొద్దు గూకిన కొద్దిసేపటికే పడమట దిగిపోతున్నది. జూలై 29న సూర్యుడి వెనక్కి వెళ్లి, ఆగస్టు చివరికి తెల్లవారుజామున తూర్పున కనిపిస్తుంది. దుర్భిణి అద్దాన్ని కడిగి, స్తంభానికి నూనె రాసి టార్పాలిన్ కప్పాను. మోటారు పళ్లచక్రాలను విప్పి పాత గ్రీజు తీసేశాను.

రాబోయే ఘటనల అంచనాల పట్టిక నుంచి నాకు పనికొచ్చేవాటిని ఏరుతున్నాను. ఉమ్మడి వెలుగులో పది శాతమైనా తగ్గాలి, గ్రహపు అంచు నుంచి కనీసం దాని వ్యాసమంత దూరం ఉండాలి, దిగంతానికి 25 డిగ్రీల పైన ఉండాలి. ఫిబ్రవరి పదో తేదీకి అటూ ఇటూ వచ్చే గ్రహణాలకు ఎదురుగా ప్రత్యేక గుర్తు పెట్టాను. ఆ రోజుల్లో సూర్యుడూ మనమూ దాదాపుగా ఒకే దిశ నుంచి గురువును చూస్తాము గనుక నీడ వేసే ఉపగ్రహం నీడ పడే దానికి ఆనుకునే కనిపిస్తుంది. గ్రహణమూ మరుగుపడటమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గీతను విడదీయడం కష్టమవుతుంది. డిసెంబరు, ఏప్రిల్ నెలల గ్రహణాలలో రెండు ఉపగ్రహాలూ విడివిడిగా ఉంటాయి కనుక గ్రహణం పట్టిన దాన్ని ఒంటరిగా కొలవవచ్చు. మరుగుపడే ఘటనలకు ఈ ఇబ్బంది లేదు.

అర్ధరాత్రికి దగ్గరలో ఉన్న ఘటనలకు దుర్భిణి స్తంభానికి తూర్పున ఉండాలా పడమట ఉండాలా అన్నది కూడా పట్టికలోనే రాస్తున్నాను. గ్రహం నడినెత్తిని దాటే వేళ మౌంటును అటు నుంచి ఇటు తిప్పితే, కెమెరాలో బొమ్మ తలకిందులై పది నిమిషాల రికార్డింగు పోతుంది. కేసింగ్ పైపు ఎత్తు పెరగడం వల్ల ఇప్పుడు నడినెత్తి దాటిన తరువాత కూడా గంటకు పైగా తిప్పకుండా వెంబడించవచ్చునని పగటిపూట గొట్టాన్ని చేత్తో తిప్పి సరిచూసుకున్నాను.

సెప్టెంబరు, అక్టోబరు నెలలే మాకు వానలు ఎక్కువగా పడే రోజులు. కనుక ఆ రెండు నెలల ఘటనల్లో చాలావరకు పోతాయనే అనుకుంటున్నాను. ఆకాశం తెరిపిచ్చినా ఆ వేళల్లో గ్రహం తూర్పున తక్కువ ఎత్తులో ఉంటుంది, మా మిద్దె నుంచి ఆ వైపు పక్కింటి నీళ్ల ట్యాంకు 30 డిగ్రీల దాకా అడ్డం. వాటిని కడప మిత్రుడికి వదిలేశాను. ఆయన మిద్దె తూర్పు వైపు తెరిపిగా ఉంది. ఎక్స్‌పోజరు, చదరం కొలత, ఎల్‌ఈడీ పరీక్ష పద్ధతి ఇద్దరివీ ఒక్కటే కావాలని రాసిన కాగితం ప్రతిని ఆయనకు నిన్న పంపాను. నా మొదటి రికార్డింగులు నవంబరులో మొదలవుతాయి.